జర్మనీలో హోస్ట్ ఫ్యామిలీ దగ్గరికి పిల్లల్ని పంపినవాళ్లు కాస్త చెప్పండి

నమస్కారమండీ, మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. మా అమ్మాయి స్టూడెంట్ ఎక్స్ఛేంజ్ మీద జర్మనీ వెళ్తోంది. 10 నెలలు ఒక కుటుంబంతో ఉండాలి. ఆ ఇంటావిడ చాలా ఆప్యాయంగా మెయిల్ రాశారు. వేడి భోజనం మధ్యాహ్నమేనట, రాత్రికి బ్రెడ్డు, చీజ్. మా పిల్లకేమో రాత్రి పెరుగన్నం తినకపోతే నిద్ర పట్టదు. అప్పుడప్పుడు తనే అన్నం వండుకుంటానని అడిగితే వాళ్లు నొచ్చుకుంటారా? వెళ్లగానే అడగాలా, కొన్నాళ్లు ఆగాలా?

పాల పదార్థాలు తీసుకెళ్లనివ్వరని నెయ్యి సీసా పెట్టెలోంచి తీసేశాను. వాళ్ల బాబుకి ఏటికొప్పాక లక్క బొంగరం కొన్నాను. అంకుడు కర్రది, ఎర్రగా, వేళ్లలోంచి జారిపోయేంత నున్నగా ఉంది. పెద్దవాళ్లకి ఏమిస్తే బాగుంటుంది?

చలికాలంలో మనకీ వాళ్లకీ నాలుగున్నర గంటల తేడా. రోజూ ఫోన్ చేస్తే పిల్ల అక్కడ కలవలేదని మావారు అంటున్నారు. నాకేమో మనసాగదు. మీరు ఎన్ని రోజులకోసారి మాట్లాడేవారండీ?