ఎండకాలంల కారు టైర్లకు గాలి ఎంత పెట్టాలె?

ప్రశ్న: నల్గొండ నుంచి సూర్యాపేటకు రోజూ కారుల పోవుడు. టైరు మీద 44 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) అని ఉంది. గాలి కొట్టేటాయన 28 చాలు, ఎక్కువైతే ఎండకు పేలుతయ్ అంటుండు. ఏది కరెక్టు?

జవాబు 1: రెండూ కాదన్నా. 44 ఆ టైరు తట్టుకునే గరిష్ఠం. మీ బండి లెక్క డ్రైవరు డోరు తెరిస్తే పిల్లర్ మీద స్టిక్కర్ల ఉంటది, కొన్నిటికి పెట్రోలు మూత లోపల. ఫుల్ లోడుకు వేరే అంకె ఉంటది, చూసుకోండ్రి.

జవాబు 2: చల్లటి టైరుకే కొలవాలె, బండి ఆపి కనీసం 3 గంటలు కావాలె. హైవే మీద నడిపి రాంగనే చూస్తే 4-5 పీఎస్‌ఐ ఎక్కువే చూపిస్తది. అది చూసి గాలి తీస్తే చల్లారినంక తక్కువైతది. ఎండకని తగ్గించుడే అసలు ప్రమాదం. గాలి తక్కువుంటే టైరు తిరిగినప్పుడల్లా సైడ్‌వాల్ (టైరు పక్క భాగం) వంగి వేడెక్కుతది, స్పీడుల పేలేది అట్లనే. నైట్రోజన్ కొట్టించినా అంకె మారదు.

ప్రశ్న అడిగినవారు: స్టిక్కర్ దొరికింది, 33 ఉంది. ఒక్క టైరుకే వారానికి 3 పీఎస్‌ఐ తగ్గుతుంది, ఎందుకు?

జవాబు 1: వాల్వ్ మీద సబ్బునీళ్లు పొయ్యండ్రి. బుడగలొస్తే లోపలి పిన్ను మార్పియ్యాలె. రాకపోతే మేకు, రిమ్ము అంచు చూపియ్యండ్రి. స్టెప్నీ కూడా మరువకండ్రి.