హరారీకి గీజ్ లిపి నప్పిందా?

ప్రశ్న: హరారీ భాషను పూర్వం అరబ్బీ లిపిలో రాసేవారనీ, తరువాత ఇథియోపియాకు చెందిన గీజ్ లిపికి మారారనీ చదివాను. గీజ్‌లో మన గుణింతం వంటి ఏర్పాటు ఉంది కనుక, ఈ మార్పుతో రాత సుగమమైందని అనుకోవచ్చునా?

సమాధానం: అచ్చుల మేరకు అనుకోవచ్చును. హరారీ తూర్పు ఇథియోపియాలోని హరార్ నగరపు భాష. మాట్లాడేవారు దానిని ‘గేయ్ సినాన్’, అంటే నగరపు భాష, అంటారు. చుట్టూ ఒరొమో, సొమాలీ వంటి కుషిటిక్ భాషలున్నా, ఇది ఇథియోపియాలోని మరో భాష అయిన అమ్హారిక్ వలె, అరబ్బీ కూడా చేరిన సెమిటిక్ కుటుంబానికి చెందినది. హరార్ ఇస్లామిక విద్యకు పేరొందిన ఊరు కనుక అక్కడి రాతకు అరబ్బీ లిపి సహజంగానే ఆధారమైంది. అయితే ఆ లిపిలో అచ్చు గుర్తులు మూడే. ‘ఇ’కీ ‘ఎ’కీ, ‘ఉ’కీ ‘ఒ’కీ భేదం చూపడానికి అవి చాలవు.

గీజ్‌లో ప్రతి హల్లుకూ ఏడు రూపాలుంటాయి. ఈ పద్ధతి క్రీ.శ. 4వ శతాబ్దంలో, ఇథియోపియా ప్రాంతపు ప్రాచీన అక్సుం రాజ్య కాలంలో స్థిరపడింది. (మన లిపులతో పోలికను చూసి భారతీయ ప్రభావాన్ని ఊహించినవారున్నారు గాని, అది నిరూపితం కాలేదు.) ఈ ఏడింటిలో చిక్కంతా ఆరవ రూపానిది: అది ఒకచోట పొల్లు హల్లు, మరొకచోట అస్పష్టమైన హ్రస్వాచ్చుతో కూడిన అక్షరం, ఏది ఎప్పుడో భాష తెలిసినవారికే తెలియాలి. పైగా వాడుకలో ఈ లిపి ద్విత్వాన్ని చూపదు. అమ్హారిక్‌లో ‘అన్నాడు’ అనే అర్థమిచ్చే ‘అలె’కూ, ‘ఉన్నాడు’ అనే అర్థమిచ్చే ‘అల్లె’కూ రాత ఒక్కటే. అరబ్బీలోనైతే ద్విత్వానికి ‘షద్దా’ అనే గుర్తుంది.

కాబట్టి ధ్వనులను మాత్రమే లెక్కిస్తే గీజ్‌దే పైచేయి అని నా అభిప్రాయం, కాని లిపి ఎంపికను ధ్వనులొక్కటే నిర్ణయించవు. 1887లో, తరువాత ఇథియోపియా చక్రవర్తి అయిన మెనెలిక్ హరార్‌ను జయించి అక్కడి ఎమిరేట్‌ను (ముస్లిం అమీర్ల పాలనను) అంతం చేశాక, గీజ్ లిపిలో రాసే అమ్హారిక్ అక్కడ పాలనా భాష అయింది. ప్రవాసంలో కొందరు హరారీని రోమన్ లిపిలోనూ రాస్తున్నారు. ఇక పాత హరారీ రచనలను చదవదలచినవారికి మాత్రం నేటికీ అరబ్బీ లిపి తప్పనిసరి.