నాలుగైదు ఎముకలు ఇచ్చి జంతువు మొత్తం గీయమంటే ఎలా?

కుంచెరాయుడు:
పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయడం నా వృత్తి. ఈసారి డైనోసార్ల ఆఖరి యుగమైన క్రెటేషియస్ చివరి కాలపు పొడుగు మెడ డైనోసార్‌ను గీయాలి. ఆధారంగా పంపిన కాగితంలో నల్లటి నీడబొమ్మ ఒకటి ఉంది. అందులో తెల్లగా చూపినవే దొరికిన ఎముకలట: మూడు తోక వెన్నుపూసలు, తొడ ఎముకలో పైసగం, భుజం ఎముక ముక్క. తల లేదు, మెడ లేదు, పాదాలు లేవు. అయినా టైటానోసార్ (పొడుగు మెడ డైనోసార్లలో ఒక గుంపు) అని ఘంటాపథంగా రాసేశారు.

నేను ఇదివరకే ఒకసారి చేతులు కాల్చుకున్నాను. 2010లో డీనోకైరస్ అనే డైనోసార్‌ను గీశాను. అప్పటికి తెలిసిందల్లా 1965లో గోబీ ఎడారిలో దొరికిన రెండు చేతులు, మరికొన్ని ముక్కలు. ఒక్కో చేయి 2.4 మీటర్లు! అంతటి చేతులున్నది వేటాడక ఏం చేస్తుందని కోరలు పెట్టాను, కళ్లు ఎర్రగా వేశాను, నోటి నుంచి నెత్తురు కూడా కార్చాను. 2014లో మిగతా అస్థిపంజరం వివరాలు వచ్చాయి. పళ్లే లేవు. బాతుముక్కు, వీపు మీద మూపురం, కడుపులో వెయ్యికి పైగా గులకరాళ్లు. నా కోరలు మాత్రం ఆ పుస్తకంలో అలాగే ఉండిపోయాయి. మూడు వెన్నుపూసలు చూసి ఇది ఫలానాదని ఎలా చెబుతారు? ఎంతవరకు నమ్మాలి?

రాతిసుత్తి:
రాతిలోంచి ఎముకను విడదీసే పనిలో ఇరవై ఏళ్లుగా ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. మీరు రెండు ప్రశ్నలను కలిపేశారు. ఇది ఏ గుంపుది అన్నది ఒకటి, ఎలా ఉండేది అన్నది మరొకటి. మొదటిదానికి ఒక్కోసారి ఒకే వెన్నుపూస సరిపోతుంది. రెండోదానికి అరవై ఉన్నా చాలకపోవచ్చు. మీ డీనోకైరస్ సంగతే చూడండి. ఆ చేతులకు నిప్పుకోడిని తలపించే డైనోసార్ల చేతులతో పోలిక ఉందని 1970ల్లోనే గమనించారు. అంటే చుట్టాలెవరో దాదాపు తెలిసింది, మూపురమే ఎవరి ఊహకూ అందలేదు.

ఇప్పుడు మీ తోక వెన్నుపూస. దాన్ని ఇసుక సంచి మీద నిలబెట్టి ఏటవాలుగా దీపం వేస్తాం. ముందు ముఖాన గిన్నెలా గుంట, వెనక ముఖాన బంతిలా ఉబ్బు. ఒకదాని బంతి వెనకదాని గిన్నెలో కూర్చుంటుంది. అయితే ఇంతమాత్రానికే సంబరపడకూడదు, నేటి మొసళ్ల వెన్నుపూసలూ ఇలాగే ఉంటాయి. అందుకే తొడ ఎముక వైపు చూస్తాం. దాని తల పక్కకు, లోపలికి తిరిగి ఉంటే కాలు శరీరం కింద స్తంభంలా నిలిచిందన్నమాట. డైనోసార్ల పద్ధతి అది. కాడ ముందు నుంచి వెనక్కి పలచగా, అడ్డంగా వెడల్పుగా ఉంటే సారోపాడ్, అంటే పొడుగు మెడ శాకాహారి డైనోసార్ల వైపు మొగ్గుతాం. వెన్నుపూస దిమ్మకూ పైకమానుకూ మధ్య అతుకు గీత ఇంకా కనిపిస్తుంటే, అది పిల్లజంతువు ఎముక కావచ్చు. ఆ గీతను పట్టించుకోక పిల్లకూ తల్లికీ వేర్వేరు పేర్లు పెట్టే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

ఆ తరువాత లక్షణాల పట్టిక, ఏ జంతువులో ఏ లక్షణం ఉందో లేదో రాసుకునేది. వందల గడులు ఉంటాయి. మీ జంతువు వరుసలో నూటికి తొంభై ప్రశ్నార్థకాలే ఉంటాయని నా అంచనా. కంప్యూటర్ దాన్ని వంశవృక్షంలో ఒకసారి ఈ కొమ్మ మీద, ఒకసారి ఆ కొమ్మ మీద కూర్చోబెడుతుంది. గుంపు వరకు ఖాయం, కొమ్మ సంగతి అనుమానం.

పేరు మీద నాకు మొదటినుంచీ గుర్రే. జబల్‌పూర్ దగ్గర దొరికిన తోక వెన్నుపూసల ఆధారంగా 1877లో శిలాజ శాస్త్రవేత్త లిడెక్కర్ టైటానోసారస్ ఇండికస్ అని పేరు పెట్టాడు. గిన్నె, బంతి ఆకారం అప్పటికి అపురూపం. తరువాత ఎన్నో దేశాల్లో అలాంటివే బయటపడ్డాయి. ఒకప్పుడు దాని ఒక్కదాని గుర్తు అనుకున్నది గుంపంతటి గుర్తయి కూర్చుంది. 2003లో విల్సన్, అప్‌చర్చ్ అనే పరిశోధకులు ఆ పేరు ఇక చెల్లదన్నారు. గుంపు పేరుగా టైటానోసార్ మిగిలింది, ఆ పేరు ఇచ్చిన జంతువు మాత్రం జారిపోయింది.

పాతగని:
వెన్నుపూసలు నయం. ట్రూడాన్ అనే డైనోసార్‌కు 1856లో పేరు పెట్టింది ఒకే ఒక్క పన్ను చూసి. మొదట బల్లి అన్నారు, ఆ తరువాత గుండుతల శాకాహారితో కలిపారు, చివరికి రెండు కాళ్ల మాంసాహారుల్లోకి చేర్చారు. ఇంకో మాట, ఆ ఎముకలన్నీ ఒకే జంతువువని ఎవరు చెప్పారు? జబల్‌పూర్‌లో దొరికిన లామెటాసారస్ అనే డైనోసార్‌ను కటి ఎముకలు, కాలి ఎముక, కవచపు పలకలు కలిపి కవచధారిగా వర్ణించారు. తీరా చూస్తే కటి ఎముకలు మాంసాహారివి, పలకలు బహుశా టైటానోసార్‌వి.

కుంచెరాయుడు:
కాగితం మళ్లీ తీసి చూశాను. ఎముకలు ఒకదానికొకటి ఆనుకుని దొరికాయా, చెల్లాచెదురుగానా అన్న మాటే లేదు. రేపే అడుగుతాను. మరి తల, పాదాలు ఏం చేయమంటారు?

రాతిసుత్తి:
తలలు దొరకడం అరుదు. మెడకు గట్టి పట్టు ఉండదు, ముందే ఊడి కొట్టుకుపోతాయి. పిట్స్‌బర్గ్ కార్నెగీ మ్యూజియంలో అపటోసారస్ అనే పొడుగు మెడ డైనోసార్ అస్థిపంజరం 1979 దాకా వేరేదాని పోలికలున్న తలతో నిలబడింది, కాబట్టి మీరొక్కరే సిగ్గుపడనక్కర్లేదు. తలను దగ్గరి చుట్టాల నుంచి అప్పు తెచ్చుకోండి, కాస్త పక్కకు తిప్పి చిన్నదిగా వేయండి. ముందు పాదాలకు మాత్రం గోళ్లు పెట్టకండి. టైటానోసార్లలో చాలావాటికి ముందు పాదాల్లో వేళ్ల ఎముకలే దాదాపు లేవు, గుండ్రటి మొద్దుల మీద నడిచేవి.

కుంచెరాయుడు:
గోళ్లు ఇప్పటికే పెట్టేశాను. చెరిపేస్తాను. వెనక పాదాలను పొడుగాటి గడ్డిలో దాచేద్దామనుకున్నాను, ఆ కాలంలో గడ్డే లేదని ఎక్కడో చదివి ఆగిపోయాను.

రాతిసుత్తి:
అది పాత మాట. మధ్య భారతంలోని లామెటా అనే రాతి పొరల్లో దొరికిన శిలాజ పేడలో గడ్డిజాతుల సిలికా రేణువులు ఉన్నాయని 2005లో ప్రచురించారు. ఆ పేడ టైటానోసార్లదేనని వారి అంచనా. క్రెటేషియస్ చివరిదే కాబట్టి అక్కడక్కడా గుబుర్లుగా వేయండి, పచ్చిక బయలులా పరచకండి. నోట్లో కూడా రెండు పరకలు పెట్టవచ్చు.