కోసిన గడ్డి లాన్‌లోనే వదిలేయాలా, ఎత్తేయాలా?

పచ్చనివాకిలి:
మాది బెర్ముడా రకం గరిక లాన్. మోవర్‌కున్న బ్యాగ్ తీసేసి, కోసిన గడ్డిని అక్కడే వదిలేయమని కొందరు చెబుతున్నారు. వదిలితే థాచ్ (పచ్చటి ఆకులకీ మట్టికీ మధ్య కట్టే గోధుమరంగు పొర) పేరుకుని లాన్ పాడవుతుందని ఇంకొందరు. ఇప్పటికే నడుస్తుంటే కాలి కింద పరుపులా దిగబడుతోంది. ఎవరి మాట వినాలి?

నీట్‌గాఉండాలి:
ఎత్తేయండి, రెండో మాటే లేదు. కోసింది ఎండి గోధుమ రంగుకి తిరుగుతుంది, కాళ్లకి అంటుకుని ఇంట్లోకొస్తుంది. తడిగా ఉన్నప్పుడు కోస్తే ముద్దలు కట్టి కింది గడ్డికి ఎండ తగలనివ్వదు. ఇక థాచ్ అంటారా, పైన పడిందే కదా కిందికి చేరేది!

మట్టిచేతులు:
ముద్దల సంగతి నిజమే. థాచ్ సంగతి మాత్రం కాదండీ. ఆకు ముక్కలో ముప్పాతిక వంతు నీరే. మిగిలింది కూడా మెత్తగా ఉంటుంది కాబట్టి సూక్ష్మజీవులు త్వరగా తినేస్తాయి. థాచ్‌గా మారేవి పాకే కాండాలు, మొదళ్లు, వేర్లు. వాటిని గట్టిగా ఉంచే లిగ్నిన్ అనే పదార్థం ఎక్కువ, ఓ పట్టాన కుళ్లవు. బెర్ముడా, జోయ్సియా గడ్డి రకాలు రెండూ నేల మీదా, లోపలా కూడా పాకుతాయి కాబట్టి వాటికి ఈ బెడద ఎక్కువ.

నమ్మకం కుదరకపోతే ఓ మూల చాకుతో లోతుగా కోసి చిన్న ముక్క పైకి తీయండి. పైన పచ్చటి ఆకు, అడుగున మట్టి, మధ్యలో గోధుమరంగు పొర కనిపిస్తాయి. ఆ పొరని వేళ్లతో విడదీయండి. కణుపులున్న తీగలు, పీచు పీచుగా వేర్లు చేతికొస్తాయి, ఆకు ముక్కలు పెద్దగా దొరకవు. పొర అరంగుళం లోపుంటే మంచిదే, నేల కాగకుండా కాస్తుంది. దాటిందా, పోసిన నీళ్లు మట్టిలోకి సరిగా దిగవు. వేర్లు కూడా మట్టిని వదిలేసి ఆ పొరలోనే అల్లుకుంటాయి, కాస్త ఎండ ముదిరితే గడ్డి వాడిపోతుంది.

పొర మందమవడానికి నేను ముందు అనుమానించేది యూరియానే. పచ్చదనం కోసం గుప్పిస్తుంటే కాండాలు కుళ్లే వేగాన్ని పెరిగే వేగం దాటేస్తుంది. కోసిన గడ్డిని వదిలితే ఏడాదికి కావలసిన నత్రజనిలో దాదాపు పావు వంతు దాని నుంచే తిరిగొస్తుంది. దాన్ని బయట పారేసి, అదే నత్రజనిని బస్తాల్లో కొనుక్కొచ్చి చల్లడం నాకైతే విడ్డూరమే.

నీట్‌గాఉండాలి:
చెప్పడానికి బాగానే ఉంది. వానలకి పది రోజులు మోవర్ బయటికే తీయలేదనుకోండి, అప్పుడు కోసింది కూడా వదిలేయాలా?

మట్టిచేతులు:
అప్పుడు ఎత్తాల్సిందే. ఒక్కో కోతలో ఎత్తులో మూడో వంతుకి మించి తీయకపోతేనే నా మాట చెల్లుతుంది. అంగుళంన్నర దగ్గర ఉంచాలనుకుంటే రెండుంపావు అంగుళాలకి పెరిగేలోపే కోయాలి. కలుపు గింజ కట్టినా, తెగులు మచ్చలు కనిపించినా కూడా ఎత్తేయండి.

నీడపట్టు:
మధ్యలో ఒక మాట. థాచ్ ఉందని తెలియగానే రేక్ పట్టుకుని గీకేయకండి. గడ్డి పూర్తిగా పచ్చబడి జోరుగా పెరుగుతున్నప్పుడే ఆ పని చేయాలి, చలికి నిద్రలో ఉన్నప్పుడు గీకితే కోలుకోదు. బెర్ముడా అయితే నేల లోపలి తీగల నుంచి మళ్లీ లేస్తుంది. సెయింట్ ఆగస్టీన్ రకం గడ్డికి ఉన్నవన్నీ పైన పాకే తీగలే, గట్టిగా లాగితే లానే ఊడొస్తుంది.

పచ్చనివాకిలి:
చాకుతో తీసి చూశా. పొర ముప్పావు అంగుళం ఉంది, మీరన్నట్టు అన్నీ తీగలే. యూరియా ఆపేస్తున్నా. గడ్డి ఇప్పుడు మంచి జోరు మీదే ఉంది కాబట్టి ఈ వారమే గీకిస్తా.

నీట్‌గాఉండాలి:
గీకాక వచ్చే చెత్తనైనా ఎత్తుతారా, అదీ వదిలేస్తారా?

మట్టిచేతులు:
అది మాత్రం పూర్తిగా ఎత్తేయాలి. ఆ పనికి మీ బ్యాగ్ అరువివ్వండి.