ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లో 2 నిమిషాలు ఆగకుండా మాట్లాడటం ఎలా?

అందరికీ నమస్కారం. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇప్పుడు ఖమ్మంలో నర్సుగా చేస్తున్నాను. వచ్చే నెలలో ఇంగ్లీషు భాషా పరీక్ష ఐఈఎల్‌టీఎస్ ఉంది. రీడింగ్, లిజనింగ్ పర్వాలేదు, ప్రాక్టీసులో 9కి 7 వస్తోంది. టెన్షన్ అంతా స్పీకింగ్ రెండో భాగంతోనే. మాట్లాడాల్సిన అంశం రాసిన కార్డు ఇచ్చి, 1 నిమిషం ఆలోచించుకోనిచ్చి, 2 నిమిషాల దాకా మాట్లాడమంటారు కదా. నిన్న ఇంట్లో ఫోన్‌లో టైమర్ పెట్టుకుని మా అమ్మమ్మ గురించి మొదలుపెట్టాను. తెలుగులో అయితే గంటసేపు చెబుతాను. ఇంగ్లీషులో 40 సెకన్లకే ఆగిపోయాను. వాక్యం ముందు తెలుగులోనే తయారవుతోంది, మార్చుకునేసరికి క్రియ చివరికి వెళ్లిపోతోంది. జవాబులు బట్టీ పట్టడం నాకు ఇష్టం లేదు, పైగా వినేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. ఆ ఒక్క నిమిషంలో కాగితం మీద ఏం రాసుకుంటే మంచిది? నైట్ డ్యూటీల వల్ల రోజుకు అరగంటే దొరుకుతుంది. ఇలాంటి స్థితి నుంచి గట్టెక్కినవాళ్లు దయచేసి మీరేం చేశారో చెప్పండి.