సంబరాల భోజనం: స్మోకర్‌కు హాలు వారి తిరస్కరణ, పోర్క్ సంగతి గురువారం లోగా తేలాలి

కార్యదర్శి (సోమవారం, రాత్రి)

అందరికీ నమస్కారం. హాలు యాజమాన్యం నుండి ఈ సాయంత్రం జవాబు వచ్చింది. పార్కింగ్ స్థలంలో స్మోకర్ (మాంసాన్ని పొగ మీద నెమ్మదిగా వండే పొయ్యి) పెట్టుకోవడానికి వారు ఒప్పుకోలేదు. బొగ్గు, కట్టెలు, గ్యాస్ వేటినీ ఆవరణలో వెలిగించరాదని, వంటింట్లో కరెంటుతో నడిచే సామాను మాత్రం వాడుకోవచ్చని రాశారు. ఇళ్ళలో వండి తెచ్చిన మాంసాన్ని వడ్డించనివ్వరట. లైసెన్సు ఉన్న వంటశాల నుండి తెప్పించుకోవాలి, లేదా అక్కడే వండుకోవాలి. నమోదు పత్రంలో పుల్డ్ పోర్క్ (మెత్తగా ఉడికించి పీచులుగా విడదీసిన పంది మాంసం) అని అచ్చు వేసి పంపించాము కనుక, 60 మంది దానినే ఎంచుకున్నారు కనుక, దీనికి దారి చూడక తప్పదు. కార్యక్రమం శనివారం.

దీనితో పాటు వేదిక అలంకరణ, మైకుల ఏర్పాటు, పిల్లల పోటీలకు న్యాయనిర్ణేతలు, కుర్చీల అమరిక, నమోదు బల్ల దగ్గర కూర్చునేవారు అన్న ఐదు పనులకు ఇంకా ఎవరూ పేరు ఇవ్వలేదు. దయచేసి ఒక్కొక్కరు ఒక్కొక్క పని అందుకోండి.

వంట బాధ్యుడు (సోమవారం, రాత్రి)

స్మోకర్ లేకపోయినా వంట ఆగదు. ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్లతో అక్కడే వండుదాము. 225 డిగ్రీల ఫారన్‌హీట్ పొగలో ఎనిమిది పౌండ్ల ముక్క మెత్తబడాలంటే పన్నెండు గంటలు దాటుతుంది. అదే మాంసాన్ని పౌండు చొప్పున కోసి కుక్కర్‌లో పెడితే ఒత్తిడి మీద గంటసేపు చాలు. మామూలుగా నీరు మరిగేది 212 దగ్గర. మూత బిగిసి ఒత్తిడి పెరిగాక లోపలి వేడి 240 దాకా వెళుతుంది, పైగా ఆవిరి ఎటూ పోదు కనుక గిన్నెలో తడి ఇంకిపోదు. పొగ వాసన, పైన కట్టే నల్లని పెచ్చు రావన్నది నిజమే. కడుపు నిండడానికి అవి అవసరం లేదు.

కోశాధికారి (మంగళవారం, ఉదయం)

నాకు రెండు సందేహాలు ఉన్నాయి. మొదటిది, ఆ కుక్కర్‌కు విజిల్ రాదు కదా, ఉడికిందని ఎలా తెలుస్తుంది? రెండవది, ఇంత శ్రమ ఎందుకు, బయట నుండి తెప్పించుకోరాదా అని అడగబోయే వారికి ముందుగానే చెబుతున్నాను: హాలు అడ్వాన్సు, సౌండు వారి అడ్వాన్సు కట్టిన తరువాత భోజనాల ఖాతాలో మిగిలినది పచ్చి మాంసానికి, బన్నులకు సరిపోతుంది, కేటరింగ్‌కు సరిపోదు. అసలు ఈ వంటకం వద్దని మొదటి సమావేశంలోనే చెప్పిన మనిషిని నేను. ఇప్పుడు అందరూ నా వైపు చూడటం భావ్యం కాదు.

వంట బాధ్యుడు (మంగళవారం, ఉదయం)

అన్నయ్య గారూ, విజిళ్ళు లెక్కపెట్టే పని లేదు. ఒత్తిడి ఎక్కగానే మూత మీది చిన్న పిన్ను పైకి లేస్తుంది, అప్పటి నుండి గడియారం నడుస్తుంది, సమయం కాగానే అదే ఆగిపోతుంది. ఉడికినదీ లేనిదీ గడియారం చెప్పదు, ఫోర్కు చెబుతుంది. పంది మాంసం ముక్క 145 డిగ్రీలకు చేరి మూడు నిమిషాలు అలా ఉంటే తినడానికి భద్రమేనని ఇక్కడి అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది, కానీ ఆ వేడిలో దిగిన భుజం మాంసం నమలడానికి తోలులా ఉంటుంది. కండల మధ్య ఉండే కొల్లాజెన్ అనే గట్టి పదార్థం కరిగి మెత్తని జెలటిన్‌గా మారాలి, ముక్క లోపల 195 నుండి 205 దాకా చేరాలి, అప్పుడే పీచులు విడతాయి. అందుకే నడుము భాగం కొనవద్దు. దానిలో కరగవలసిన కొవ్వూ తక్కువే, కొల్లాజెన్నూ తక్కువే, ఎంత ఉడికించినా పొట్టులా పొడిబారుతుంది. ఎముక తీసిన భుజం భాగమే కావాలి.

యువజన విభాగం సభ్యుడు (మంగళవారం, మధ్యాహ్నం)

లెక్క వేశాను. బన్నులో పెట్టి ఇస్తే మనిషికి నాలుగు ఔన్సులు చాలు, 60 మందికి పదిహేను పౌండ్ల వండిన మాంసం. కొవ్వు, నీరు పోగా పచ్చి మాంసంలో సగం కంటే కొంచెం ఎక్కువే మిగులుతుంది, కాబట్టి ముప్పై పౌండ్లు కొనాలి. ఆరు క్వార్టుల (ఆరు లీటర్లకు కాస్త తక్కువ) కుక్కర్‌లో మూడింట రెండు వంతులకు మించి నింపకూడదు, అయిదేసి పౌండ్లు వేస్తే ఆరు వాయిలు అవుతాయి. మా స్నేహితుల ఇళ్ళలో రెండు కుక్కర్లు దొరుకుతాయి. ఇంకా నాలుగు కావాలి, అప్పుడు ఒకే విడతలో పని తీరిపోతుంది.

హాలు వ్యవహారాల బాధ్యుడు (మంగళవారం, రాత్రి)

ఒకే విడతలో తీరదు. సాయంత్రం వెళ్ళి వంటిల్లు చూసి వచ్చాను. పొయ్యి లేదు, ఓవెన్ లేదు. ఒక గట్టు, సింకు, ఫ్రిజ్, అంతే. గట్టు మీద ప్లగ్గులు ఎనిమిది కనిపిస్తాయి కానీ అవన్నీ రెండు బ్రేకర్ల (కరెంటు వాడకం మించితే సరఫరా ఆపేసే స్విచ్చులు) మీద నడుస్తున్నాయి, ఒక్కొక్కటి 20 ఆంపులు. ఫ్రిజ్‌కు వేరే బ్రేకర్ ఉంది, దాని జోలికి పోవద్దని అక్కడి మనిషి హెచ్చరించాడు. టీ ఉర్న్ (టీకి నీరు మరిగించే పెద్ద కరెంటు పాత్ర) కూడా ఆ గట్టు మీదనే పెట్టాలి, దాని అడుగున 1500 వాట్లు అని రాసి ఉంది. హాలు తాళం ఏడు గంటలకు తీస్తారు, అంతకు ముందు ఒక్క నిమిషం కూడా కుదరదన్నారు.

ఫలహారాల బాధ్యురాలు (మంగళవారం, రాత్రి)

ఇప్పుడే చెబుతున్నాను, ఉర్న్‌ను ఎవరూ ముట్టుకోవద్దు. తొమ్మిదిన్నరకు టీ అని ఆహ్వాన పత్రంలో ఉంది. పొద్దున్నే గంటన్నర దూరం నుండి కారులో వచ్చే పెద్దవాళ్ళు వాకిట్లో అడుగు పెట్టగానే అడిగేది అదే. అరవై మంది మాంసం కోసం రెండు వందల మందికి టీ మానిపించడం ఏ న్యాయం? ప్రతి ఏడూ నా బల్ల నుండే ప్లగ్గు పీకుతారు, ప్రతి ఏడూ సర్దుకొమ్మని నాకే చెబుతారు.

వంట బాధ్యుడు (మంగళవారం, రాత్రి)

టీ మానిపించమని ఎవరన్నారు? వంట చేసేది నేను, ఆ వాసన పట్టిన చొక్కాతో రోజంతా తిరిగేది నేను, ఆలస్యమైతే మాట పడేదీ నేనే. పద్దు సరిపోదన్నారు, సరే అన్నాను. స్మోకర్ వద్దన్నారు, సరే అన్నాను. ఇక ప్లగ్గు కూడా లేదంటే మాంసాన్ని చేతులతో నలిపి మెత్తబరచాలా? ఈ బాధ్యత ఇంకెవరైనా తీసుకుంటే సంతోషంగా అప్పగిస్తాను.

అధ్యక్షుడు (బుధవారం, తెల్లవారుజామున)

రాత్రి పదకొండు దాటాక రాసిన మాటలను నేను లెక్కలోకి తీసుకోవడం లేదు. ఇద్దరూ లేని ప్లగ్గు కోసం పోట్లాడుకుంటున్నారు. మన ఇంజనీరు గారు ఈ చర్చలో ఉన్నారు, ఆయన మాట విన్నాక మాట్లాడుకుందాము. వంట బాధ్యత మారదు. టీ మానదు.

ఎలక్ట్రికల్ ఇంజనీరుగా పనిచేసే సభ్యుడు (బుధవారం, ఉదయం)

120 వోల్టుల దగ్గర 20 ఆంపులంటే 2400 వాట్లు. ఆరు క్వార్టుల కుక్కర్ ఎక్కువగా 1000 వాట్లు లాగుతుంది, కనుక ఒక బ్రేకర్ మీద రెండు కుక్కర్లు హాయిగా నడుస్తాయి. ఉర్న్ ఉన్న బ్రేకర్ మీద 900 వాట్లే మిగులుతాయి, ఒక్క కుక్కర్ కలిపినా పడిపోవచ్చు. ఒక విషయం గమనించండి: కుక్కర్ ఆ వెయ్యి వాట్లనూ ఎడతెగకుండా లాగేది ఒత్తిడి ఎక్కేదాకానే. అయిదు పౌండ్ల చల్లని మాంసంతో అది అరగంట దాకా పట్టవచ్చు. ఆ తరువాత ఒత్తిడి తగ్గకుండా అప్పుడప్పుడు వెలిగి ఆరుతుంటుంది. అలాగని ఒకే బ్రేకర్ మీద మూడవది కలపమని నేను చెప్పను, మూడూ ఒకేసారి వెలిగే క్షణం వస్తే భోజనాల వేళకు చీకట్లో నిలబడతాము.

నా సూచన ఇది. ఏడుకు తాళం తీయగానే నాలుగు కుక్కర్లు పెట్టండి, బ్రేకర్‌కు రెండు చొప్పున. ఒత్తిడి ఎక్కడం, గంట ఉడకడం, తనంతట తాను దిగడం అన్నీ కలిపి రెండు గంటలకు కాస్త లోపు. తొమ్మిదికి అవి ఖాళీ అవుతాయి. అప్పుడు ఒక బ్రేకర్ పూర్తిగా ఉర్న్‌కు వదిలేసి, మిగిలిన రెండు వాయిలను రెండవ బ్రేకర్ మీద పెట్టండి. అవి పదకొండుకు దిగుతాయి. ఇంట్లో వాడే పలుచని ఎక్స్‌టెన్షన్ వైర్లు మాత్రం తేవద్దు, అవి వేడెక్కుతాయి. కుక్కర్ తీగ నేరుగా గోడకే.

ఫలహారాల బాధ్యురాలు (బుధవారం, మధ్యాహ్నం)

తొమ్మిదికి ఉర్న్ పెడితే అంత నీరు మరగడానికి గంట పడుతుంది. టీ పదిన్నరకు అవుతుంది. ఆ లోగా ఫ్లాస్కులలో ఇంటి నుండి తెస్తాను, హాలు వారి నిషేధం మాంసానికే కదా. మొదట వచ్చిన పెద్దవాళ్ళ వరకు సరిపోతుంది. తమ్ముడూ, వంట నువ్వే చూడు, వేరే వాళ్ళ చేతికి ఇస్తే నాకు ఇంకా కష్టం.

శాకాహారం బల్ల బాధ్యురాలు (బుధవారం, సాయంత్రం)

కుక్కర్లు నాలుగు చాలు అంటున్నారు, రెండు దొరికాయి. మూడవది మాది ఇస్తాను, అయితే ఒక షరతు. మూత లోపలి సిలికోన్ రింగు వాసనను పీల్చుకుంటుంది, సబ్బు పెట్టి కడిగినా, ఎండలో పెట్టినా పూర్తిగా వదలదు. తరువాత పాయసం వండినా అందులో వెల్లుల్లి గుబాళిస్తుంది. లోపలి గిన్నె స్టీలుది, దానికి ఏ ఇబ్బందీ లేదు. కాబట్టి నా రింగు తీసి ఇంట్లో దాచుకుని, కుక్కర్ మాత్రం పంపుతాను. అదే కంపెనీ, అదే సైజు రింగు ఒకటి సంఘం కొని దానికి వేయాలి. వేరే సైజుది వేస్తే మూత బిగియదు, ఒత్తిడి ఎక్కదు. తిరిగి ఇచ్చేటప్పుడు ఆ రింగు మీరే ఉంచుకోండి.

కోశాధికారి (బుధవారం, రాత్రి)

రింగుకు డబ్బు నేనిస్తాను, పద్దులో వేయవద్దు. నాలుగవ కుక్కర్ కూడా మా ఇంటిదే, కాగితంలో చుట్టినది చుట్టినట్టే ఉంది.

వంట బాధ్యుడు (గురువారం, తెల్లవారుజామున)

రాత్రి ఇంట్లో ఒక వాయి వండి చూశాను. పనికి వచ్చే సంగతులు రాస్తున్నాను.

అడుగున ఒక కప్పు నీరు, నాలుగు చెంచాల వెనిగర్ పోశాను, అంతకు మించి అక్కర లేదు. మూత తీసేసరికి ముక్కలు వాటి రసంలోనే సగం మునిగి ఉన్నాయి. ఉప్పు, మిరియాలు, పాప్రికా, వెల్లుల్లి పొడి ముక్కలకు పట్టించి పెట్టాలి. సీసాలోని బార్బెక్యూ సాసు ముందే పోయాలని ఎవరైనా అంటే వినవద్దు: అది చిక్కన, తీపి, అడుగంటుతుంది, కుక్కర్ ‘బర్న్’ అని చూపించి వేడి ఆపేస్తుంది. సాసు చివరనే. ముక్కలను ముందుగా ఎర్రగా వేయించే అలవాటు ఉన్నవారు శనివారం దానిని మానుకోవాలి, ఆ పొగకు హాలు అలారం మోగితే మనకు మళ్ళీ హాలు దొరకదు.

గంట అయ్యాక ఆవిరిని ఒక్కసారిగా వదలకండి. లోపలి ఒత్తిడి హఠాత్తుగా పడితే ముక్కలలోని రసం ఉడుకెత్తి బయటికి వచ్చేస్తుంది, పీచు బిగుసుకుంటుంది. ఇరవై నిమిషాలు దాని మానాన దాన్ని వదిలితే పిన్ను కిందికి దిగుతుంది. అప్పుడు ముక్కలను వెడల్పు పళ్ళెంలోకి తీసి, రెండు ఫోర్కులు గుచ్చి ఎదురెదురుగా లాగితే చాలు. సరిగ్గా ఉడికిన ముక్క కండల గీతల వెంట దానంతట అదే విచ్చుకుంటుంది, మధ్యలో కరగని తెల్లని కొవ్వు గడ్డలు కనిపిస్తే తీసేయాలి. ఫోర్కుకు ఎదురు తిరిగితే బలవంతం చేయకుండా మళ్ళీ మూత పెట్టి పది నిమిషాలు ఒత్తిడి మీద ఉంచండి. గిన్నెలోని రసం పారబోయవద్దు. పైన తేలిన కొవ్వు తెట్టును గరిటెతో తీసి, కింది రసాన్ని కొద్దికొద్దిగా పీచు మీద పోసి కలిపితే వడ్డించే వేళకు ఎండిపోదు. కొంచెం పొగ రుచి కావాలంటే బజారులో దొరికే లిక్విడ్ స్మోక్ అప్పుడే ఒక చెంచా కలపవచ్చు. ఎక్కువైతే ఔషధాల వాసన వస్తుంది.

యువజన విభాగం సభ్యుడు (గురువారం, ఉదయం)

మాంసం దుకాణంలో మాట్లాడాను. ఎముక తీసి, పౌండు చొప్పున కోసి, అయిదేసి పౌండ్ల సంచులలో కట్టి ఇస్తారు, హాలులో కత్తి పట్టే పని లేదు. శుక్రవారం సాయంత్రం తెచ్చి మా ఫ్రిజ్‌లో పెడతాను. పొద్దున ఐస్ పెట్టెలో వస్తుంది, 41 డిగ్రీలకు పైకి పోకుండా చూస్తాను. రెండవ విడత రెండు సంచులు తొమ్మిది దాకా పెట్టెలోనే ఉంటాయి. పిల్లల పోటీలకు ఉండవలసిన మా నలుగురినీ పీచు తీయడానికి పంపుతున్నాను.

హాలు వ్యవహారాల బాధ్యుడు (గురువారం, మధ్యాహ్నం)

మొదటి విడత తొమ్మిదికి దిగితే భోజనం పన్నెండున్నరకు. ఆ మూడున్నర గంటలూ మాంసం ఎక్కడ ఉంటుంది? 135 డిగ్రీల కంటే దిగనివ్వకూడదు. గట్టు మీద పళ్ళెంలో మూత పెట్టి ఉంచుదామని మాత్రం అనకండి.

వంట బాధ్యుడు (గురువారం, మధ్యాహ్నం)

పళ్ళెంలో ఉండదు. పీచు తీసి, రసం కలిపి, మళ్ళీ కుక్కర్ గిన్నెలోకే. రెండవ విడతకు రెండు కుక్కర్లే కావాలి కనుక మిగిలిన రెండిటిలో మొదటి నాలుగు వాయిల మాంసం పడుతుంది.

ఎలక్ట్రికల్ ఇంజనీరుగా పనిచేసే సభ్యుడు (గురువారం, సాయంత్రం)

ఆ రెండు కుక్కర్లను ‘కీప్ వార్మ్’ మీద పెట్టి, వేదిక పక్కన ఉన్న గోడ ప్లగ్గుకు తగిలించండి. వెచ్చగా ఉంచడానికి అవి లాగేది చాలా తక్కువ. సౌండు వారి తీగలు మరో గోడకు మారుస్తాను, ఆ పని నాది.

ఫలహారాల బాధ్యురాలు (గురువారం, రాత్రి)

మాంసానికి గుచ్చి చూసే థర్మామీటరు మా ఇంట్లో ఉంది, తెస్తాను. పది గంటల నుండి అరగంటకు ఒకసారి రెండు గిన్నెలలోనూ మధ్యకు గుచ్చి చూసి కాగితం మీద రాస్తాను. 135 కంటే తగ్గితే గిన్నె గోడ ప్లగ్గు నుండి తీసి వంటింట్లోకి తెచ్చి, కాస్త రసం పోసి, 165 దాకా మళ్ళీ వేడి చేయాలి. అందుకు మాత్రం ఉర్న్ పక్కన ప్లగ్గు అడగవద్దు, రెండవ విడత దిగాక ఆ బ్రేకర్ వాడుకోండి.

కార్యదర్శి (శుక్రవారం, ఉదయం)

హాలు వారికి ఈ ఏర్పాటంతా రాసి పంపాను, ఒప్పుకున్నారు. ఏడు కంటే పది నిమిషాల ముందు కుక్కర్లు పట్టుకుని వాకిట్లో ఉండండి. బన్నులు నేను తెస్తున్నాను.