బాయ్స్ లవ్ (బీఎల్, అంటే ఇద్దరు మగవాళ్ళ ప్రేమకథల) డ్రామాల్లో యాక్టింగ్‌కి మార్కులు దేన్నిబట్టి వేస్తున్నారు? ముద్దునిబట్టేనా?

తిక్కశంకరి:
ముందే చెప్తున్నా, ఎవరి ఫేవరెట్ జంటనీ తిట్టడానికి పెట్టిన పోస్ట్ కాదిది. కానీ విసుగొచ్చేసింది. థాయ్, కొరియా, జపాన్, తైవాన్, ఏ దేశం బీఎల్ రిలీజైనా కామెంట్లలో మొదటి తీర్పు ముద్దు సీన్ మీదే. గట్టిగా పెట్టుకుంటే "యాక్టింగ్ ఇరగదీశారు", గోడకి పెదాలు ఆనించినట్టు నిలబడిపోతే "వీళ్ళకి యాక్టింగ్ రాదు". మిగతా ఎపిసోడ్లన్నీ ఏం చేశారో ఎవడికీ అక్కర్లేదు. 2020 లాక్‌డౌన్‌లో టుగెదర్ అనే థాయ్ సిరీస్ వచ్చినప్పుడు చూశాం కదా, హీరోలు బ్రైట్, విన్ ముద్దు దగ్గర మొహమాటపడ్డారనే దానిమీదే ఎంత రచ్చ జరిగిందో. సెకండాఫ్‌లో కథ చప్పబడిపోయింది, దాని గురించి అంత గొంతు చించుకున్నవాళ్ళు తక్కువ.

నేను చూసేది వేరు. హీరోలిద్దరూ పక్కపక్కన లేని సీన్లు చూస్తా. జంటగా ఉంటే పాట వేస్తారు, స్లో మోషన్ పెడతారు, సగం పని మన మనసే చేసిపెడుతుంది. ఒక్కడే ఉన్నప్పుడు దొరికిపోతాడు. ఐ టోల్డ్ సన్‌సెట్ అబౌట్ యు (2020)లో ఓఏవ్ అనే కుర్రాడు అద్దం ముందు ఎర్ర బ్రా వేసుకుని చూసుకుంటాడు గుర్తుందా, పీపీ క్రిట్ చేశాడు. పెద్దగా మాటల్లేవు. ముందు ఏదో కుతూహలంగా చూసుకుంటాడు, ఆ తర్వాత నెమ్మదిగా మొహం మారుతుంది, తను ప్రేమించే టేకి కావాల్సింది ఇదైతే అది నా దగ్గర లేదు కదా అని. ఎదురుగా హీరో లేడు, ముద్దు లేదు, ఏమీ లేదు. నాకు అది యాక్టింగ్.

ఓరుగల్లు_పోరడు:
అక్కా నీ లెక్క నాకు సగమే సమజైంది. ఒక్కడే కూసొని ఏడ్చుడు ఎవడైనా చేస్తడు, గ్లిజరిన్ ఏసుకుంటే అయిపాయె. ఎదురుంగ ఉన్నోడు ఏం చేస్తుండో చూసి దానికి తగ్గట్టు మొహం మార్చుడు కదా అసలు పని. నువ్వు పక్కకు నెట్టేస్తున్న కెమిస్ట్రీ అంటే గదే. థాయ్ సిరీస్ బ్యాడ్ బడ్డీ (2021) ఐదో ఎపిసోడ్ చివర్ల మేడ మీది సీన్ తీసుకో, హీరోలు నానన్, ఓమ్. ముద్దు ఉంది, కాదంటలేను, కానీ ఆ తర్వాత నానన్ మొహం చూడు. ఇన్నేండ్లు మనసుల దాచుకున్నది దొరికినంక సంతోషపడాలె కదా, వాని మొహంల సంతోషం లేదు, భయం ఉంది. రెండిండ్లకు పడదు, చిన్నప్పటిసంది కొట్లాటనే, ఇప్పుడు ఇది బయటపడితే ఏమైతది అని. లేచి పోతడు. ఓమ్ ఆడ కొంచెం ఓవర్ జేసినా నానన్ పని మొత్తం పాడైతుండె. చెయ్యలే, వానికి జాగ ఇచ్చిండు. ఇప్పుడు ఇద్దరిని విడదీసి ఎవరికి ఎన్ని మార్కులేస్తవ్ చెప్పు.

విశాఖ_తీరం:
మీరిద్దరూ పెద్ద పెద్ద సిరీస్‌ల గురించే మాట్లాడుతున్నారండి. చిన్నవాటి సంగతేంటి మరి? కొరియా బీఎల్ అంటే ఎపిసోడ్ ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు, అలాంటివి ఎనిమిది, అయిపోయింది. సెమాంటిక్ ఎర్రర్ (2022) అంతే కదా. ఇద్దరూ ఐడల్ గ్రూపుల నుంచి వచ్చినవాళ్ళే, పార్క్ సొహమ్‌ది కేఎన్‌కే, జేచాన్‌ది డీకేజెడ్. పాటలు పాడుకుని డ్యాన్సులు చేసుకునే పిల్లల్ని తీసుకొచ్చి ఏళ్ళ తరబడి నటిస్తున్నవాళ్ళ పక్కన నిలబెట్టి కొలిస్తే ఎలా అండి? పేరున్న హీరోలు చాలామంది ఈ కథల జోలికే రారు, వచ్చేది కొత్త కుర్రాళ్ళు, షూటింగ్ చూస్తే పరుగో పరుగు. కొంచెం చూసీ చూడనట్టు పోవాలి అని నా ఉద్దేశం.

తిక్కశంకరి:
@విశాఖ_తీరం చూసీ చూడనట్టు పోవడం అంటే "పాపం బీఎల్ కదా, ఇంతకంటే ఏం వస్తుంది వీళ్ళకి" అనడమే కదండీ, బయటివాళ్ళు అన్నప్పుడు మనకి ఒళ్ళు మండేది కూడా ఆ మాటకే. పైగా సెమాంటిక్ ఎర్రర్‌కి మీ జాలి అక్కర్లేదు. జేచాన్ బిగుసుకుపోయి చేశాడని చాలామంది అన్నారు. కానీ ఆ సాంగ్‌ఊ క్యారెక్టర్ చూడండి, గ్రూప్ ప్రాజెక్టులో పని చెయ్యలేదని సీనియర్ పేరే పీకేస్తాడు, ఆ దెబ్బకి అవతలివాడి గ్రాడ్యుయేషన్ ఆగిపోతుంది, అయినా తప్పేముంది రూల్ ప్రకారమే చేశా అన్నట్టు టోపీ పెట్టుకుని తిరుగుతాడు. అలాంటివాడు బిగుసుకుని ఉండక ఎలా ఉంటాడు. ఆ బిగువు ఎక్కడైనా సడలిందా అని చూడాలి. సడలుతుంది, ఎపిసోడ్లు గడిచేకొద్దీ జవాబు చెప్పడానికి ఒక క్షణం ఎక్కువ తీసుకుంటాడు, చూపు తిప్పుకోవడం ఆలస్యమవుతుంది. నటన రానివాడైతే మొదటి ఎపిసోడ్‌లో ఎలా ఉన్నాడో చివర్లోనూ అలాగే ఉంటాడు.

ఇంక చిన్న ఎపిసోడ్లు, తక్కువ బడ్జెట్ అంటారా, చెర్రీ మ్యాజిక్ (2020) కూడా టీవీ టోక్యోలో అర్ధరాత్రి దాటాక వేసిన అరగంట సీరియలే. ముప్పై ఏళ్ళొచ్చేదాకా ఎవరితోనూ ఏ సంబంధం లేని అదాచికి మనుషుల్ని ముట్టుకుంటే వాళ్ళ మనసులో మాట వినిపిస్తుంది, అదే ఆఫీసులో చేసే కురొసావా మనసులో ఉన్నది తనే అని తెలిసిపోతుంది. ఈ కురొసావాగా మచిదా కెయితా ఏం చేశాడో ఒకసారి మళ్ళీ చూడండి. లోపలి గొంతు పొంగిపోతూ ఉంటుంది, పైన మొహం మాత్రం ఆఫీసులో అందరూ మెచ్చుకునే బుద్ధిమంతుడి మొహం. రెండూ ఒకేసారి నడవాలి, మొహం కదిలిందా కామెడీ పోతుంది, అసలు కదలకపోతే ప్రేమ పోతుంది. చివరి ఎపిసోడ్‌లో లిఫ్ట్ తలుపులు మూసుకుపోతాయి, ముద్దు మనకి చూపించను కూడా చూపించలేదు. మన గ్రూపుల లెక్కన ఆయనా ఫెయిలేనా?

డబ్బింగ్_పిచ్చోడు:
చైనా సిరీస్‌ల ఊసు ఎవరూ ఎత్తలేదేంటి, అసలు తంటా అక్కడ కదా ఉంది. ది అన్‌టేమ్డ్ (2019) యాభై ఎపిసోడ్లు, నవలలో ఉన్న ప్రేమని సెన్సార్ భయానికి స్నేహంగా మార్చి తీశారు, సరే. అందులో మీరు విన్న గొంతులు షావ్ జాన్‌వీ కావు, వాంగ్ యీబోవీ కావు, డబ్బింగ్ ఆర్టిస్టులవి. అక్కడ చారిత్రక సీరియళ్ళకి అలా చెయ్యడం మామూలే. మనకి ఇదేం కొత్త కాదు, ఏ మాయ చేసావేలో సమంత అనుకుని మనం పడిపోయిన దాంట్లో చిన్మయి గొంతు వాటా ఎంత? సూర్య తెలుగులో మాట్లాడుతుంటే మనకి చెవిలో పడేది శ్రీనివాసమూర్తి గారి గొంతు కదా చాలా సినిమాల్లో. ఆయన పోయాకే చాలామందికి తెలిసింది ఇన్నాళ్ళూ విన్నది ఎవరినో.

వర్డ్ ఆఫ్ ఆనర్ (2021) అయితే ఇంకా విచిత్రం. కొన్ని సీన్లలో పెదాలు ఒక మాట అంటుంటే గొంతు ఇంకో మాట అంటుంది. చైనీస్ వచ్చిన ఫ్యాన్స్ కూర్చుని పెదాలు చదివి సెట్‌లో అసలు అన్నది ఇదీ అని బయటపెట్టారు, షూటింగ్‌లో ప్రేమగా చెప్పినదాన్ని డబ్బింగ్‌లో మామూలు మాట చేసేశారని. అంటే నటుడు ఆడిన సీన్ ఒకటి, మన దాకా వచ్చింది ఇంకొకటి. ఇప్పుడు శంకరిగారి పద్ధతి, పోరడి పద్ధతి రెండూ పెట్టి చూడండి, మార్కులు ఎవరికి వేస్తారు, మొహానికా గొంతుకా సెన్సార్ వాడికా?

విశాఖ_తీరం:
గొంతు సంగతి సరేనండి, యీబో మొహం కూడా యాభై ఎపిసోడ్లూ ఒకటే కదా 😄 ఫ్యాన్స్ కొడతారని ఎవరూ అనరు గానీ.

ఓరుగల్లు_పోరడు:
@విశాఖ_తీరం ఏంది భయ్యా గట్లంటవ్. యీబో చేసిన లాన్ వాంగ్‌జీ నవ్వితే కథే చెడిపోతది, వాళ్ళ ఖాందాన్ గోడ మీద మూడు వేల రూల్స్ రాసుకున్నరు. కొండ అంచుల వేయ్ ఊషియన్ (షావ్ జాన్) చెయ్యి పట్టుకుని వేలాడదీసిన సీన్ చూడు, గాయమైన చెయ్యి, నెత్తురు కారుకుంట కిందోని చేతి మీదికి వస్తుంటది, విడువడు. అరవడు గూడ. కండ్లు మాత్రం... చెక్కబొమ్మ అయితే గా సీన్‌ల జనం ఎందుకు ఏడుస్తరు? గొంతు వేరెటోనిది కాబట్టి ఆ మెడ నరాలు, ఆ చెయ్యే వాని యాక్టింగ్. డబ్బింగ్ అన్న అడిగినదానికి నా జవాబు గిదే, మొహానికే వెయ్యాలె.

నానమ్మకి_రిమోట్:
నేను హాస్టల్లో రూమ్మేట్లు పడుకున్నాక మ్యూట్‌లో సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూస్తా కాబట్టి నాకు అందరూ బాగానే చేసినట్టు కనిపిస్తారు 🙈 సౌండ్ పెట్టి చూసిన మొదటి థాయ్ సిరీస్‌లో ప్రతి చూపుకీ "టింగ్" అని సౌండ్ ఎఫెక్ట్ వస్తుంటే భయపడి మళ్ళీ మ్యూట్ చేశా.

పక్కింటబ్బాయి:
చాలా రోజులుగా చదవడమే తప్ప రాయలేదు, ఇవాళ రాయాలనిపించింది. నేను గే. హైదరాబాద్‌లో ఉద్యోగం, ఇంట్లో తెలీదు. మీరంతా ముద్దు, కెమిస్ట్రీ, మొహం అంటున్నారు, నేను చూసేది చేతులు. చెయ్యి పట్టుకునే ముందు చుట్టూ ఎవరున్నారో చూసే ఆ అర సెకను ఉంటుంది చూడండి, అది ఎవడు చేస్తే వాడు నాకు యాక్టర్. సగం సిరీస్‌లలో అది ఉండదు. కాలేజీ మధ్యలో, క్యాంటీన్‌లో, నలుగురిలో వాటేసుకుంటారు, స్నేహితులు చప్పట్లు కొడతారు. బాగుంటుంది, కలలాగా నేనూ చూస్తా, కానీ దాంట్లో నటించడానికి ఏముంది?

వాట్ డిడ్ యు ఈట్ ఎస్టర్‌డే (2019) మీలో ఎంతమంది చూశారో తెలీదు, జపాన్‌ది, దాన్ని బీఎల్ అంటారా అని కూడా కొందరికి డౌటు. ఇద్దరూ నడివయసు మగవాళ్ళు, ఒకడు లాయర్, ఇంకొకడు సెలూన్‌లో జుట్టు కత్తిరిస్తాడు, సాయంత్రం అయ్యేసరికి లాయర్ షిరో ఇంటికొచ్చి తక్కువ ధరకి కొన్న కూరలతో వంట చేస్తాడు, ఇద్దరూ తింటారు. సీరియల్ అంతా దాదాపు ఇదే. మొదటి ఎపిసోడ్‌లోనే ఆ సెలూన్ అతను, కెంజి, తన కస్టమర్‌కి షిరో గురించి చెప్పేశాడని తెలిసి షిరో కోప్పడతాడు. అప్పుడు కెంజి, మా ఓనర్ ఆయన పెళ్ళాం గురించి చెప్పుకుంటాడు, నా వాడి గురించి నేనెందుకు చెప్పుకోకూడదు అన్నట్టు అడుగుతాడు. కెంజిగా చేసిన ఉచినో సెయియో ఆ మాట గొడవ పడుతున్నట్టు అనడు, చిన్నపిల్లాడికి మిఠాయి ఇవ్వకపోతే ఎలా అడుగుతాడో అలా అడిగేస్తాడు. షిరోగా చేసిన నిషిజిమా మొహంలో కోపం ఎక్కడికి పోయిందో తెలీదు, అలాగని ఒప్పుకోడు కూడా. ఇద్దరూ పేరున్న నటులే, నిషిజిమా ఆ తర్వాత డ్రైవ్ మై కార్ సినిమాలో చేసినాయనే, కాబట్టి పెద్దవాళ్ళు ఈ కథల జోలికి రారన్న మాట అన్నిచోట్లా నిజం కాదండి విశాఖగారూ.

ఇంకోటి. యాక్టింగ్ బాగుంటే సిరీస్ బాగున్నట్టే అని కలిపేస్తున్నారు అందరూ. థాయ్ సిరీస్ టార్న్‌టైప్ (2019)లో హీరోలు మ్యూ, గల్ఫ్ ఇద్దరూ బాగానే చేశారు, ఎవరూ కాదనరు. కానీ మత్తులో ఉన్నవాడి మీద చెయ్యి వెయ్యడాన్ని ప్రేమకథలో ఒక మెట్టులా రాశారు, వీళ్ళు ఎంత బాగా చేస్తే అది అంత ముద్దుగా కనిపించింది. నాకది చూడ్డం కష్టమైంది. యాక్టింగ్‌కి ఎనిమిది, రాసినవాళ్ళకి రెండు వెయ్యడం అంత కష్టమా?

తిక్కశంకరి:
@పక్కింటబ్బాయి ఆ అర సెకను సంగతి బాగా పట్టారు, నేను ఇప్పటిదాకా దాన్ని అలా చూడలేదు. కానీ రైటింగ్‌కీ యాక్టింగ్‌కీ విడివిడిగా మార్కులు వెయ్యమంటే ఒప్పుకోను. స్క్రిప్ట్ ఒప్పుకున్నది కూడా వాళ్ళే కదా.

పక్కింటబ్బాయి:
కంపెనీ కాంట్రాక్టులో ఉన్న ఇరవై ఏళ్ళ కుర్రాడు స్క్రిప్ట్ వద్దంటాడా అండి? మీరు ఆఫీసులో మీ మేనేజర్ ఇచ్చిన పని వద్దన్నారా ఎప్పుడైనా 🙂

డబ్బింగ్_పిచ్చోడు:
దెబ్బకి ఠా.

ఓరుగల్లు_పోరడు:
కంపెనీ మాట వచ్చింది కాబట్టి చెప్త. అసలు లొల్లి మొత్తం జంటలని అమ్ముడు దగ్గర ఉంది. థాయ్‌లాండ్‌ల ఈ సిరీస్‌లు తీసే జీఎంఎంటీవీ లెక్కటి కంపెనీలు ఇద్దరిని కలిపి ఒక బ్రాండ్ చేస్తయి, సిరీస్ అయిపోయినా ఫ్యాన్ మీటింగులు, యాడ్లు, స్టేజ్ షోలు అన్నీ జంటగనే. ఇగ ఫ్యాన్స్ ఏం జేస్తరు, మైడ్రామాలిస్ట్ అనే రేటింగ్ సైట్‌ల మనోళ్ళకు పదికి పది, అవతలి జంటకు ఒకటి. సగంమంది సిరీస్ పూర్తిగ చూడనే చూడరు. ఆ రేటింగ్ పట్టుకొచ్చి గీ గ్రూపుల "చూడు 9 ఉంది, యాక్టింగ్ టాప్" అంటే నేను నమ్మ.

కానీ ఒకే జంట రెండు మూడు సిరీస్‌లు జేస్తే మనకు ఒక లాభముంది, పోల్చుకోవచ్చు. ఎర్త్, మిక్స్ ఇద్దరిని తీసుకో. ఎ టేల్ ఆఫ్ థౌజండ్ స్టార్స్ (2021)ల ఎర్త్ కొండ మీద ఫారెస్టోడు, మిక్స్ ఊరికి పాఠాలు చెప్పనీకి వచ్చిన పట్నం పిల్లగాడు. రెండేండ్లకు మూన్‌లైట్ చికెన్‌ల అదే ఎర్త్ పట్టాయల రాత్రిపూట చికెన్ రైస్ అమ్మే జిమ్ మామ. 1994ల పుట్టినోడు నలభైకి దగ్గరున్న మనిషి లెక్క చెయ్యాలె, మేకప్‌తోని తెల్ల జుట్టు పెట్టి పని కానిచ్చేయొచ్చు, గట్ల చెయ్యలే. మాట తక్కువ, అలసట ఎక్కువ. అప్పు, దుకాణం, పెంచుకుంటున్న మేనల్లుడు, అన్నీ నెత్తి మీదున్నట్టే నిలబడతడు. డైరెక్టర్ గూడ రెండిటికి ఒక్కడే, బ్యాక్‌ఆఫ్. కాబట్టి మారింది ఎర్తే.

తిక్కశంకరి:
ఇదే కదా నేను పొద్దున్నుంచి మొత్తుకుంటున్నది! జిమ్ ఒక్కడే దుకాణంలో ఉన్న సీన్లలోనే కదా ఆ అలసట కనిపించేది. మిక్స్ ఫ్రేమ్‌లో లేకపోయినా ఎర్త్ నిలబెట్టాడు. నా పాయింట్‌కి నువ్వే సాక్ష్యం తెచ్చావు తమ్ముడూ.

ఓరుగల్లు_పోరడు:
ఆగాగు. దుకాణంల అలసిపోయిన మనిషిని చూపెట్టినవ్ సరే, గా అలసట తగ్గుడు ఎక్కడ కనవడ్డది? మిక్స్ వచ్చి ఎదురుంగ కూసున్నంకనే. వాడు లేకుంటే ఎనిమిది ఎపిసోడ్లు జిమ్ మామ కోళ్ళు కోసుకుంటనే ఉంటుండె.

నానమ్మకి_రిమోట్:
నేను ఇవాళ రాత్రి చూస్తా అది. మ్యూట్ తియ్యాలా వద్దా, "టింగ్" ఉంటుందా దాంట్లో?

డబ్బింగ్_పిచ్చోడు:
"టింగ్" భయం పెట్టుకోకు, తియ్యి. కొంచెం ఆకలి మీద ఉండకుండా చూసుకో.